చెక్‌పోస్టు దగ్గర వానాకాలం

ఆ వానాకాలం మా ఆయన రోజూ చచ్చిపోయేవాడు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, టీవీ ముందు చాప వేసుకుని కూర్చునేవాడు. నేను మొదటి చొక్కాకి చేతులు కత్తిరించేలోపే చచ్చేవాడు. తెరంతా నల్లబడి మధ్యలో ఎర్రటి అక్షరాలు వచ్చేవి. మీరు మరణించారు అని దానర్థమని మా అమ్మాయి చెప్పింది. నా మనసు చివుక్కుమంది.

"ఇంట్లో అలాంటి మాటలేంటే? ముందది ఆపెయ్" అన్నాను.

ఆయన తల కూడా తిప్పలేదు. చేతిలో ఉన్నదాని మీద ఏదో మీట నొక్కాడు. తెర మీద ఒక చలిమంట పక్కన లేచి నిలబడ్డాడు. దుమ్ము దులుపుకోకుండానే మళ్లీ బయల్దేరాడు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆ ఏడు మొదటి వాన పడ్డ రోజున మార్కెట్ మలుపులో బస్సు జారింది. జారి, పేవ్‌మెంటు ఎక్కి, మూసి ఉన్న టైర్ల కొట్టు షట్టర్‌ని గుద్దుకుని ఆగింది. చాలామందికి దెబ్బలు తగిలాయి గానీ ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ఈయనకి కుడి మణికట్టు విరిగింది. తలుపు దగ్గర నిలబడి టికెట్లు కొడుతున్న కండక్టర్‌కి కాలు విరిగింది. తర్వాత విచారణ జరిగింది. బ్రేకులు బాగున్నాయి, వేగం తక్కువే, డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. ఆ కబురు విని నేను వీధంతా చెప్పుకుని మురిసిపోయాను. ఆయన మాత్రం "ఊఁ" అన్నాడు, అంతే.

కట్టు విప్పాక వేళ్లు ఆడించమన్నాడు డాక్టరు. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే రెండు పూటలు పిసికి గుమ్మంలోకి విసిరేశాడు. అప్పుడు మా అమ్మాయి అటక మీద నుంచి, టీవీకి తగిలించి ఆడే ఆ ఆట పెట్టె దింపింది. మా మరిది ఇల్లు మారుతూ మా దగ్గర పడేసి వెళ్లినదది. "నాన్నా, ఇది ఆడితే పది వేళ్లూ కదులుతాయి. చాలా కష్టమైన ఆట, నీ వల్ల కాదేమోలే" అంది. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

మా ముందు గదే నా కుట్టు కొట్టు. ఒక గోడకి మిషను, కత్తిరించే బల్ల, ఇంకో గోడకి టీవీ. స్కూళ్లు తెరిచిన కొత్త కాబట్టి యూనిఫారాలు గుట్టలు పడి ఉన్నాయి. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు చేతులు చాచి నిలబడి, చాప మీద కూర్చుని రాక్షసులతో కుస్తీ పడుతున్న నడివయసు మనిషిని వింతగా చూసేవాళ్లు. "వేళ్లకి వ్యాయామం అండీ" అని నేను అందరికీ చెప్పేదాన్ని. కొన్నాళ్లకి చెప్పడం మానేశాను.

మొదట్లో ఆ ఆటంటే నాకు ఒళ్లు మంట. తర్వాత్తర్వాత మిషను తొక్కుతూ తొక్కుతూ కాలు ఆపి చూడటం మొదలుపెట్టాను. ఎప్పుడో పాడుబడ్డ రాజ్యం అది. రాజు లేడు, ఊళ్లలో జనం లేరు. నడుమెత్తు గడ్డి, విరిగిన వంతెనలు, కొండ కొనన ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా ఉన్న కోట. ఎక్కడ చూసినా ఏదో ఒకటి మనిషిని చంపడానికి కాచుకుని కూర్చుంటుంది. కుక్క చంపుతుంది. పీత చంపుతుంది. ఏ గోడ మీద నుంచో జారిపడ్డా ప్రాణం పోతుంది. అయినా పొద్దు వాలే వేళ ఆ గడ్డి మీద పచ్చటి వెలుగు పరుచుకుంటే, గుర్రం ఆగి తల విదిలిస్తే, నేను చేతిలో గుడ్డ వదిలేసి అలా ఉండిపోయేదాన్ని.

"ఆ కొండ మీద దీపం లాంటిదేంటండీ?" అని అడిగాను ఒకసారి.

"తెలీదు. వెళ్తే తెలుస్తుంది."

"అంత దూరం వెళ్లొచ్చా?"

"కనిపించేవన్నీ వెళ్లగలిగేవే. బొమ్మలు కావు." ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త రూటు వేసినప్పుడు ఇలాగే ఉండేవాడు.

"మరి వెళ్లరేం?"

"మన రోడ్డు అటు పోదు" అన్నాడు.

అదీ సంగతి. గుర్రం ఎక్కినా డ్రైవరు డ్రైవరే. అంత ప్రపంచం పరిచిపెడితే ఆయన రోడ్డు దిగేవాడు కాదు. ఎడమ వారగా పోయేవాడు. మలుపు వస్తే గుర్రాన్ని నెమ్మది చేసేవాడు. ఎదురుగా బండి వస్తే ఆగి దారి ఇచ్చేవాడు. ఆ బండిలోవాళ్లు దిగి ఈయన్ని పొడిచేవాళ్లు. మా అమ్మాయి నవ్వలేక చచ్చేది.

ఆ రోడ్డు చివర ఒక పెద్ద గేటు ఉంది. గేటు ముందు తాటిచెట్టంత మనిషి, ఇనప కవచం, చేతిలో కరెంటు స్తంభం లాంటి గద. వాడి దగ్గరికి వెళ్లడం, వాడు ఒక్కటి వెయ్యడం, తెర నల్లబడటం. మళ్లీ చలిమంట దగ్గర లేచి ఆ రోడ్డంతా స్వారీ చేసుకుంటూ వెళ్లడం. వేళ్లాడించమన్నది నిజమే గానీ, డాక్టరు ఇంత ఆడించమనలేదు.

వాడికి 'చెక్‌పోస్టు' అని పేరు పెట్టింది కండక్టర్ అన్నయ్య. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, ఈయన్ని బావా అంటాడు. ఇద్దరూ ఎన్నో ఏళ్లు ఒకే బస్సులో తిరిగారు. చేతికర్ర పొడుచుకుంటూ వాన తుంపరలో వచ్చి, నా కత్తిరింపుల బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవాడు.

"ఏంటి బావా, టికెట్ లేదని కొడుతున్నాడా వాడు?"

"చూస్తూ ఉండు. ఇవాళ దాటేస్తా."

"సరే, పోనీ మరి. రైట్ రైట్!"

గుర్రం కదిలేది. అన్నయ్య రోడ్డంతా కేకలు పెట్టేవాడు. "ఎడం పక్క ఖాళీ! హోల్డాన్, హోల్డాన్, ముసలాడు అడ్డం వచ్చాడు! రైట్!" ఈయన ఆ కేకలకి తగ్గట్టే ఆగేవాడు, కదిలేవాడు. ఇద్దరూ కలిసి మా ముందు గదిలో ఆ రూటు మీద బస్సు నడుపుతున్నట్టే ఉండేది. చివరికి గేటు దగ్గరికి చేరి, గద దెబ్బ తిని, ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అనేవాళ్లు. ఇంత నవ్వులాటలోనూ ఆయన ఎప్పుడూ అన్నయ్య కాలు వంక చూసేవాడు కాదు. కాలు ఎలా ఉందని ఒక్కనాడు అడగలేదు.

ఒకరోజు వెళ్లబోతూ అన్నయ్య గుమ్మంలో ఆగాడు. "బావా, డిపోలో కబురు చెప్పమన్నారు. వానలు తగ్గుముఖం పట్టగానే టెస్టు పెడతారట. ఓసారి బండి తిప్పి చూపిస్తే చాలు, సీటు నీదే. రాకపోతే మాత్రం గ్యారేజీలో బస్సులు కడిగే పనికి వేస్తారట. ఇక అక్కడే."

ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఇంకా లాగుతోందిరా" అన్నాడు.

పొద్దుట్నుంచీ ఆ చేత్తోనే కత్తి తిప్పుతున్నాడు. అన్నయ్యకీ తెలుసు, నాకూ తెలుసు.

నాకు కావలసింది ఒకటే, ఆయన మళ్లీ ఆ సీట్లో కూర్చోవాలి. బస్సులు కడిగితే నామోషీ అని కాదు. సాయంత్రం ఇంటికి వచ్చి, అద్దంలో చూసిన మనుషుల గురించి ఆయన చెప్పే కబుర్లతోనే మా ఇల్లు కళకళలాడేది. వెనక సీట్లో పోట్లాడుకుని దిగేటప్పటికి కలిసిపోయిన మొగుడూ పెళ్లాలూ, స్టేజీ రాకముందే లేచి నిలబడి ఊగే పెద్దాయన. ఆ మనిషి కావాలి నాకు. ఇప్పుడు వీధి చివర నుంచి తెల్లదారం రీలు తెమ్మంటే "వాన" అంటున్నాడు. ఆటలోనూ వానే. అక్కడ మాత్రం గొడుగైనా లేకుండా తిరుగుతున్నాడు.

వంటింట్లో మా అమ్మాయిని నిలదీశాను. "నువ్వు దింపిన పెట్టే కదా, నువ్వే చెప్పు. ఎప్పటికి దాటతాడే ఆ గేటు?"

"ఇలా అయితే ఎప్పటికీ దాటడమ్మా" అంది, ప్లేట్లు తుడుస్తూ. "ఆ గేటు దగ్గరికి మొదట్లో ఎవరూ వెళ్లరు. ఎడం పక్క కొండ చరియలోంచి ఒక దారి ఉంది. అటు తిరిగి, నాలుగు చోట్లు చూసి, బలం పెంచుకుని వస్తే వాడు రెండు దెబ్బలకి పడిపోతాడు. అసలు రాకపోయినా ఫరవాలేదు. ఎటైనా పోవచ్చు. ఆ ఆట గొప్పతనమే అది."

"మరి చెప్పవేం మీ నాన్నకి?"

"ఏదీ చెప్పొద్దన్నాడు. చెబితే కోప్పడుతున్నాడు." ఆగి, గొంతు తగ్గించింది. "అయినా నాకు ఇంకోటి కూడా అనిపించిందమ్మా. వాణ్ణి కొట్టేస్తే నాన్న బస్సెక్కుతాడేమోనని."

నాకంత ఓపిక లేదు. తిన్నగా ముందు గదిలోకి వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"పక్కన దారి ఉందట కదండీ. కొండ చరియలోంచి."

"ఉంది."

"మీకు తెలుసా?"

"మొదట్లోనే చూశాను. పక్కకి జరుగు, వాడు వస్తున్నాడు."

నేను జరగలేదు. నా వెనకాల గద పడ్డ చప్పుడైంది. ఆయన నిట్టూర్చి చేతిలోది చాప మీద పెట్టాడు.

"తెలిసి కూడా ఈ చావేంటండీ?"

తనలో తాను అనుకుంటున్నట్టు మెల్లిగా చెప్పాడు. "వీడు కొడితే ఎందుకు కొట్టాడో తెలుస్తుంది. గద ఎత్తే ముందు భుజం వెనక్కి వేస్తాడు. నేనది చూడకుండా ముందుకి పోతాను. తప్పు నాది. మళ్లీ వెళ్తాను, ఆ తప్పు చెయ్యను. ఇంకోటి చేస్తాను. అదీ తెలుస్తుంది."

"అయితే?"

"ఆ రోజు నేను చేసిన తప్పేంటి?"

"మీ తప్పేమీ లేదన్నారు కదా!"

"అదే చెబుతున్నాను. ఏ తప్పూ చెయ్యలేదు. అయినా బండి నా చేతుల్లోంచి పోయింది. మరి రేపు నేను ఏం చెయ్యకుండా ఉండాలి?"

తప్పు లేదన్న మాట ఒక మనిషిని ఇలా చాప మీద కూర్చోబెట్టేస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు? తప్పు ఉందని ఉంటే బాగుండేదా? అప్పుడు ఏడ్చేవాళ్లం కదా. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. మిషను దగ్గర కూర్చుని ఒక కాలరు తిరగేసి కుట్టి, మళ్లీ విప్పుకున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ఆటేమిటో చూద్దామని మీటలున్నది చేతిలోకి తీసుకున్నాను. నడవబోతే ఆకాశం కనబడింది. తిరగబోతే నేల కనబడింది. ఎలాగో నాలుగడుగులు వేసేసరికి పొదల్లోంచి కుక్క వచ్చి చంపేసింది. మళ్లీ లేచాను, మళ్లీ అదే కుక్క. మూడోసారి ముందే పొద వైపు తిరిగి నిలబడ్డాను. కుక్క దూకింది, కత్తి తగిలి పడిపోయింది. నేను గట్టిగా కేక పెట్టాను. ఎదురింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది.

ఆయన ఎప్పుడొచ్చాడో, తడిసిన చెప్పులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "రెండోసారికే చూసుకోవాల్సింది. ఆకులు కదిలాయిగా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. కానీ ఒప్పుకోవాలి, ఆ కుక్క పడ్డప్పుడు కలిగిన సంతోషం ఈ మధ్య నేనెరగను. నేను చూశాను కాబట్టి చావలేదు. ఎంత హాయిగా ఉందో ఆ లెక్క! బయట వీధిలో అలాంటి లెక్క ఒక్కటి చూపించండి. అప్పటికి ఆయన బాధ అర్థమైందనుకున్నాను. అర్థమైన కొద్దీ ఆయన్ని ఆ గదిలోంచి ఎలా లేపాలో తెలియక మరింత గాభరా పడ్డాను.

వానలు పలచబడ్డాయి. టెస్టు రోజు దగ్గర పడింది. యూనిఫారాల గుట్ట తరిగింది. చెక్‌పోస్టు అలాగే ఉన్నాడు.

వాడు పడిపోయిన రోజు అన్నయ్య ఉన్నాడు, అమ్మాయి కాలేజీకి వెళ్లింది, నేను ఒక గౌనుకి జిప్పు పెడుతున్నాను. ఎప్పటిలాగే అన్నయ్య రైట్ రైట్ అన్నాడు, ఎప్పటిలాగే గేటు దగ్గరికి చేరారు. గద శబ్దాలు వినబడుతున్నాయి. నేను తలెత్తలేదు. ఉన్నట్టుండి అన్నయ్య "బావా!" అని అరిచి, కాలు సంగతి మరిచిపోయి ఎగిరి లేచాడు. లేచి, నొప్పికి మూలిగి, బల్ల పట్టుకుని అలాగే వంగిపోయాడు.

తెర మీద ఆ తాటిచెట్టంత మనిషి మోకాళ్ల మీద కూలి బూడిదైపోతున్నాడు. గేటు తెరుచుకుంటోంది. ఆయన అటు చూడటం లేదు. అన్నయ్య కాలు వంక చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

"ఏది?"

"కాలు."

అన్నయ్య మెల్లిగా మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. "నొప్పి ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు బావా. ఎందుకని అడిగితే డాక్టరే తెల్లమొహం వేస్తున్నాడు. ఉన్న రోజు కూర్చుంటా, లేని రోజు తిరుగుతా."

"ఆ రోజు నువ్వేం చూశావు?"

"టికెట్ కొడుతున్నా. చిల్లర లేదని ఒకావిడతో గొడవ పడుతున్నా. అంతలో నేల మీదున్నా." నవ్వాడు. "నీకు తెలిసిందే నాకూ తెలుసు."

నేను మంచినీళ్లు తెచ్చి ఇద్దరికీ ఇచ్చాను. "మొత్తానికి సాధించారు! ఎలా పడగొట్టారు?" అన్నాను. నాకు ఆ జవాబు కావాలి. ఏ తప్పు దిద్దుకున్నాడో చెబుతాడని, అది విని నేను కూడా కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చని ఆశపడ్డాను.

ఆయన గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. "అదే తెలియట్లేదు. నిన్న చేసిందే చేశాను. ఇందాక చచ్చినప్పుడు చేసిందీ అదే. మధ్యలో ఒకసారి వాడు గద ఎత్తి, ఎందుకో వెయ్యకుండా ఆగాడు. ఎందుకు ఆగాడో తెలీదు."

"అంటే ఏంటండీ?"

"ఏమో" అన్నాడు.

గేటు అవతల ఏముందో ఆయన చూశాడు. మేమందరం చూశాం. పెద్ద మైదానం, దూరంగా నది, ఎటు పడితే అటు చీలిపోయిన రోడ్లు, ఆకాశమంత ఎత్తున మెరుస్తున్న చెట్టు. గుర్రం గుమ్మంలో నిలబడింది. ఆయన దాన్ని రోడ్డు దింపి గడ్డిలోకి నడిపించాడు. అలా కాసేపు ఏ దారీ లేనిచోట ఊరికే తిప్పాడు. తర్వాత టీవీ కట్టేసి, చాప చుట్టి, దారం రీలు ఏ రంగుది కావాలని అడిగాడు.

నాకు ఏమీ పాలుపోలేదు. తేలికపడ్డాడా, ఇంకా బరువెక్కాడా? వాడు ఎందుకు పడ్డాడో తెలియకపోతే మళ్లీ మొదటికొచ్చినట్టే కదా అనిపించింది. అమ్మాయి వచ్చాక చెబితే ఎగిరి గంతేసింది. నేను గంతెయ్యలేకపోయాను.

టెస్టుకి ముందురోజు నేను గుండీలు కుడుతుంటే ఆయన ఖాకీ ప్యాంటు తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"నడుము దగ్గర కాస్త వదులు చెయ్యి. కూర్చుని కూర్చుని లావయ్యాను."

నేను ఆయన వంక చూడలేదు. చూస్తే ఏమవుతుందోనని భయం. టేపు తీసి, "ఊపిరి బిగబట్టకండి, మామూలుగా నిలబడండి" అన్నాను. కొలత తీస్తూ టేపు రెండుసార్లు తప్పు చదివాను. ఆయన మామూలుగానే నిలబడ్డాడు.

టెస్టు పాసయ్యాడు. పాత రూటే ఇచ్చారు. ఆయన మొదటి ట్రిప్పు రోజు నేను కొట్టు మూసి, ఆయనకి చెప్పకుండా స్టాపులో నిలబడి, వెనక తలుపులోంచి బస్సెక్కాను. తగ్గాయన్న వానలు ఆ రోజు మళ్లీ తుంపర పెట్టాయి. టికెట్ తీసుకుని, సరిగ్గా ఆయన వీపు వెనక సీట్లో కూర్చున్నాను. మార్కెట్ వస్తోందని తెలియగానే ముందు కడ్డీ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. బస్సు కాస్త ఒరిగింది. ఎవరో దగ్గారు. కళ్లు తెరిచేసరికి మలుపు వెనక్కి పోయింది.

ఆఖరి స్టాపులో అందరూ దిగాక కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆయన అద్దంలో నన్ను ఎప్పుడో చూసినట్టున్నాడు. ఆశ్చర్యపోలేదు.

"ఆ మలుపు దగ్గర ఏం చేశారు?" అన్నాను.

"ఏముంది చెయ్యడానికి? ఎప్పుడూ చేసేదే."

"మరి ఆ రోజు..."

"ఆ రోజూ అదే చేశాను" అన్నాడు.

అంత మామూలుగా అన్నాడు ఆ మాట. ఇన్నాళ్లూ ఆయన మోసిన భయాన్ని, ఆయన దింపేసి వెళ్లిపోయిన చోట నేను ఎత్తుకున్నట్టయింది. రేపూ ఇలాగే పంపాలి. ఎల్లుండీ ఇలాగే పంపాలి. ఎందుకు జారిందో తెలియకుండా, ఎందుకు జారలేదో తెలియకుండా. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన కిటికీలోంచి చెయ్యి చాచి నా తల మీద పెట్టాడు.

"తిరుగు బస్సులో వస్తావా, నడిచి పోతావా?"

ఎక్కి అదే సీట్లో కూర్చున్నాను. తుంపర ఇంకా పడుతోంది. మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి నేను ముందుకి వంగి, ఆయన చేతులనే చూస్తూ ఉన్నాను. గేరు తగ్గించాడు. అద్దంలో చూశాడు. చక్రం నెమ్మదిగా తిప్పాడు, నెమ్మదిగా వదిలాడు. బస్సు తిరిగింది. ఆయన చేసిందంతా రెప్ప వెయ్యకుండా చూశాను. నాకు ఏమీ అర్థం కాలేదు.